లక్ష డాలర్ల లోర్ మాండలిన్... గొప్పంతా చెక్కదా, చేతిదా?

నమస్తే అండీ. ఇవాళ కాస్త కోపంగానే కూర్చున్నాను, ముందే చెబుతున్నా.

"బ్లూగ్రాస్ మాండలిన్ అంటే గిబ్సన్ ఎఫ్-5 అండీ. అది కూడా 1920లలో చేసింది, లోపల లాయిడ్ లోర్ సంతకం ఉన్నది. అది లేకపోతే ఆ సౌండ్ రాదు." ఈ మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. తెలియనివాళ్ల కోసం ఒక ముక్క: బ్లూగ్రాస్ అంటే మాండలిన్, బాంజో, ఫిడేలు, గిటార్లతో వాయించే ఒక అమెరికా జానపద శైలి. గిబ్సన్ అక్కడి వాయిద్యాల కంపెనీ, ఎఫ్-5 దాని మాండలిన్ మోడల్, లోర్ ఆ మోడల్‌ని రూపొందించిన మనిషి. మిగతావాళ్లకి ఈ గొడవ కొత్తేం కాదు. లోర్ సంతకం ఉన్న ఎఫ్-5 ఒక్కోటి లక్ష డాలర్లు దాటి అమ్ముడుపోతుంది. కొనగలిగినవాళ్లు "దాని నాదమే వేరు" అంటారు, కొనలేనివాళ్లు "అదంతా భ్రమ" అంటారు. ఏళ్ల తరబడి ఇదే కొట్లాట.

నా మాట ఒక్కటే. రాసి పెట్టుకోండి. బ్లూగ్రాస్‌కి ఆద్యుడైన బిల్ మన్రో అనే మనిషి ఆ మాండలిన్‌ని చేతిలోకి తీసుకోకపోయి ఉంటే, ఇవాళ దానికి ఆ ధరలో పదో వంతు కూడా పలికేది కాదు. ఆ చెక్క మన్రోని గొప్పవాణ్ణి చేయలేదు. మన్రో కుడిచెయ్యే ఆ చెక్కకి విలువ తెచ్చింది. తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి, కానీ పూర్తిగా విని తిట్టండి.

మన్రో కథ మీలో చాలామందికి తెలుసు కాబట్టి గబగబా చెబుతా. 1911లో పుట్టాడు, అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, రోజిన్ అనే చిన్న ఊరు. ఎనిమిది మంది పిల్లల్లో ఆఖరివాడు. కన్ను మెల్ల, చూపు అంతంత మాత్రం. ఇంట్లో అందరూ సంగీతం వాయించేవాళ్లే. అన్న బర్చ్ ఫిడేలు తీసుకున్నాడు, ఇంకో అన్న చార్లీ గిటార్ తీసుకున్నాడు. ఆఖరివాడికి ఏం మిగిలింది? ఎవరికీ అక్కర్లేని మాండలిన్ మిగిలింది. అది కూడా పూర్తిగా ఇవ్వలేదండీ! మాండలిన్‌కి ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జంటలు. "నువ్వు మరీ గట్టిగా మోగిస్తావు, నాలుగు తీగలు పీకెయ్" అన్నారట అన్నలు. పిల్లాడు నాలుగు తీగలతోనే వాయించాడు.

నా సిద్ధాంతం మొదలయ్యేది ఇక్కడే. ఆధారం ఏంటి అని అడగకండి, ఇది నా సొంత సిద్ధాంతం. సగం గొంతు నొక్కేసిన వాయిద్యం మీద, పక్కన ఫిడేలు, గిటార్ మోగుతుంటే, "నేనూ ఉన్నాను" అని వినిపించాలంటే ఏం చేయాలి? కొట్టాలి. మణికట్టు బలమంతా పెట్టి కొట్టాలి. మన్రో వాయిద్యంలో ఉండే ఆ దూకుడు, పిక్‌ని (తీగలు మీటే చిన్న పలకని) పైనుంచి కిందికి దించే ఆ దెబ్బ ఎక్కడో మిషిగన్‌లోని గిబ్సన్ ఫ్యాక్టరీలో పుట్టలేదు. రోజిన్‌లో, అన్నల పక్కన, నాలుగు తీగల మీద పుట్టింది.

తీగలు తగ్గించడం అనగానే మనకి గుర్తొచ్చేది పాలకొల్లు కదా! పక్కదారి అని తెలుసు, అయినా వెళ్లకుండా ఉండలేను. మాండలిన్ శ్రీనివాస్ గారు. జంట తీగల మీద గమకం పలికించాలంటే రెండు తీగల్నీ ఒకే లాగా లాగాలి, ప్రాణం పోతుంది. ఆయన ఏం చేశారు? ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంటలు వదిలేసి, ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. మాండలిన్ మీద కర్ణాటక సంగీతమేంటి అని పెదవి విరిచినవాళ్లే తర్వాత ముందు వరసలో కూర్చుని తలలూపారు. 1998లో పద్మశ్రీ ఇచ్చారు. 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆ మాండలిన్ ఏ కంపెనీది, లోపల ఎవరి సంతకం ఉంది అని మనలో ఎవరైనా ఎప్పుడైనా అడిగామా? అడగలేదు. ఎందుకంటే మనం శ్రీనివాస్‌ని విన్నాం. మరి మన్రో దగ్గరికి వచ్చేసరికి చెక్క గురించి ఇంత రాద్ధాంతం ఎందుకు?

సరే, కెంటకీకి తిరిగొద్దాం. లోర్ భక్తులు ఎవరూ ఎత్తని సంగతి ఒకటి చెబుతా. మన్రో, అన్న చార్లీ కలిసి 1936లోనే రికార్డులు ఇచ్చారు. వినండి ఆ రికార్డుల్ని! ఆ వేగం, ఆ పదును, అన్నీ అప్పటికే ఉన్నాయి. అప్పుడు మన్రో చేతిలో ఉన్నది ఏంటి? గిబ్సన్ ఎఫ్-7. గిబ్సన్ కంపెనీని లోర్ వదిలేసి వెళ్లిపోయిన తర్వాత వచ్చిన మోడల్, పొట్టి మెడది. దాన్ని కోటీశ్వరులు ఎగబడి కొనరు. 1939లో నాష్‌విల్ రేడియో సంగీత కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఆప్రీలో అడుగు పెట్టినప్పుడు కూడా ఆయన దగ్గర లోర్ మాండలిన్ లేదు. మరి ఆ సౌండ్ ఎక్కణ్ణించి వచ్చిందండీ?

తర్వాత, 1940ల నడిమిలో, ఫ్లోరిడాలోని మయామిలో ఒక సెలూన్‌లో అమ్మకానికి పెట్టిన మాండలిన్ కనిపించింది. సంగీత వాయిద్యాల షోరూమ్‌లో కాదు, జుట్టు కత్తిరించే సెలూన్‌లో! ధర 150 డాలర్లు. అదే ఆయన 1923 నాటి ఎఫ్-5. ఆ మోడల్ 1922లో వచ్చినప్పుడు కొత్తది 250 డాలర్లు. అంటే ఇరవై ఏళ్ల తర్వాత కొన్న ధర కూడా రాకుండా పడి ఉంది. ఇవాళ లక్షల డాలర్లు పలికే ఆ "దైవిక నాదం" అప్పుడు ఎవరికీ వినిపించలేదేం? చెక్క అదే కదా, తీగలు అవే కదా, సంతకం కూడా లోపలే ఉంది కదా?

ఇప్పుడు అసలు విషయం, ఆ కుడిచెయ్యి చేసే పని. చాప్. బ్లూగ్రాస్ బ్యాండ్‌లో డ్రమ్స్ ఉండవు. మన భజనలో తాళాలు చేసే పని అక్కడ మాండలిన్ చేస్తుంది. నాలుగు దెబ్బల తాళం అనుకోండి. ఒకటి, మూడు దెబ్బల మీద బేస్ మోగుతుంది. రెండు, నాలుగు మీద మాండలిన్ "చక్", "చక్" అని పడుతుంది. దీనికి ఎడమచేతి పట్టు ఒకటుంది. చేతిలో మాండలిన్ ఉన్నవాళ్లు ఇప్పుడే పట్టి చూడండి. చిటికెన వేలు అన్నిటికంటే మందపు జంట మీద, ఏడో మెట్టు (ఫ్రెట్). ఉంగరపు వేలు దాని పక్క జంట మీద, ఐదో మెట్టు. చూపుడు వేలు మూడో జంట మీద, రెండో మెట్టు. నడిమి వేలు సన్నని జంట మీద, మూడో మెట్టు. అయ్యో అంటుంది కదా చిటికెన వేలు? ఇది జి కార్డ్, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తి. దీన్నే ఇంకో రెండు తేలిక పద్ధతుల్లో పట్టుకోవచ్చు. అయినా ఇంత కష్టపడేది ఎందుకంటే, ఇందులో ఒక్క తీగ కూడా ఖాళీగా ఉండదు. పిక్ తగిలిన మరుక్షణం వేళ్లు తీగల మీదే ఉంచి నొక్కు వదిలేయాలి. మోత అక్కడే తెగిపోవాలి. తెగకుండా ఒక్క తీగ "ఈ..." అని సాగిందా, తాళం చెడింది. ఇలా పాటంతా, స్పీడు తగ్గకుండా, నిమిషాల తరబడి కొట్టాలి. ఏ చెక్క వచ్చి మీ బదులు ఈ పని చేస్తుందో చెప్పండి నాకు.

లోర్‌ని నేను తక్కువ చేయట్లేదు, ఆ మాట మాత్రం అనకండి. ఆయన స్వయంగా మంచి మాండలిన్ విద్వాంసుడు. 1919 నుంచి 1924 దాకా గిబ్సన్‌లో పనిచేశాడు. గుండ్రని రంధ్రం తీసేసి ఫిడేలుకి ఉండేలాంటి ఎఫ్ ఆకారపు రంధ్రాలు పెట్టించాడు, మెడ పొడుగు చేయించాడు, పై చెక్కని తట్టి శ్రుతి చూసి చెక్కించాడు. గుంపులో కూడా గట్టిగా వినిపించే మాండలిన్ అది, ఒప్పుకుంటాను. కానీ ఆయన దాన్ని ఎవరి కోసం చేశాడు? సూట్లు వేసుకుని, ఎదురుగా నొటేషన్ పెట్టుకుని వాయించే మాండలిన్ ఆర్కెస్ట్రాల కోసం. పాపం, అది మార్కెట్‌లోకి వచ్చేసరికే ఆ సరదా తీరిపోయింది, జనం బాంజో మీద, జాజ్ మీద పడ్డారు. లోర్ 1943లో చనిపోయాడు. మన్రో బ్యాండ్‌లోకి ఎర్ల్ స్క్రగ్స్ బాంజోతో వచ్చి, ఇవాళ మనం బ్లూగ్రాస్ అనే సౌండ్ కుదిరింది 1945 చివర్లో. అంటే బ్లూగ్రాస్ అనేది ఒకటి పుడుతుందని కూడా లోర్‌కి తెలియదు! ఇప్పుడేమో "బ్లూగ్రాస్ కోసం లోర్ సృష్టించిన అద్భుతం" అని థంబ్‌నెయిల్స్ పెడుతున్నారు. ఏమయ్యా, తారీఖులు చూసుకోరా?

తారీఖు అంటే ఇంకోటి. మన్రో మాండలిన్ లేబుల్ మీద లోర్ సంతకం పెట్టింది 1923 జూలై 9న. అదే రోజు సంతకం పెట్టినవి ఇంకా ఉన్నాయి. వాటిని అమ్మేవాళ్లు ఏం చెప్పుకుంటారో తెలుసా? "ఇది మన్రో మాండలిన్ తారీఖుదే" అని! చూశారా, మీ నోటితోనే నా మాట చెబుతున్నారు. మీరు అమ్ముతున్నది మన్రోని.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ముక్క. 1950ల మొదట్లో మన్రో ఆ మాండలిన్‌ని రిపేరుకి గిబ్సన్ కంపెనీకే పంపాడు. వాళ్లు చాలా రోజులు ఉంచుకుని, అడిగినవాటిలో కొంతే చేసి పంపించారు. మనమైతే ఏం చేస్తాం? ఫోన్ చేసి అరుస్తాం. మన్రో జేబుకత్తి తీశాడు. తల పలక మీద ముత్యపు చిప్పతో "ద గిబ్సన్" అని ఉంటుంది కదా, అందులో "గిబ్సన్" అన్న మాట చెక్కి పారేశాడు! "ద" ఒక్కటి మిగిలింది. దాదాపు ముప్పై ఏళ్లు అదే మాండలిన్‌తో, అదే గాయంతో, స్టేజి మీద అందరి ముందూ వాయించాడు. 1980లో గానీ రాజీ కుదరలేదు. బ్రాండ్ పేరు కత్తితో గీకి పారేసిన మనిషిని చూపించి బ్రాండ్ అమ్ముకుంటున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

ఇంకా ఉంది. 1985 నవంబర్‌లో ఎవరో మన్రో ఇంట్లో దూరి, చలిమంట ఎగదోసే ఇనుప కడ్డీతో ఆ మాండలిన్‌ని పగలగొట్టారు. వందకు పైగా ముక్కలు. గిబ్సన్‌లో పనిచేసే చార్లీ డెరింగ్టన్ అనే ఆయన ఆ పుల్లలన్నీ ఏరి, ఒక్కో దాన్నీ దాని చోట జిగురుతో అతికించుకుంటూ నెలల తరబడి కూర్చున్నాడు. ఆ పనితనానికి చేతులెత్తి దండం పెడతా. 1986లో మాండలిన్ తిరిగి మన్రో చేతికి వచ్చింది. వచ్చాక? మళ్లీ స్టేజి, మళ్లీ చాప్. 1996లో పోయేదాకా ఆయన మాండలిన్ అదే. మరి లోర్ తట్టి తట్టి శ్రుతి చూసిన ఆ పై చెక్క పుల్లలు పుల్లలై జిగురుతో నిలబడితే, మీరు చెప్పే ఆ రహస్యం అప్పుడు ఎక్కడికి పోయిందండీ? రికార్డులు వినండి, మన్రో మన్రోలాగే ఉన్నాడు. అతికించిన ఆ మాండలిన్ ఇప్పుడు నాష్‌విల్‌లో, కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉంది.

"మరి ఈ తరం మాండలిన్ మొనగాడు క్రిస్ థీలీ కూడా లోర్ మాండలినే కొనుక్కున్నాడు కదా" అంటారు. కొనుక్కున్నాడు, 1924 నాటిది. కానీ ఆయనేమీ అది కొన్నాక మొనగాడు కాలేదే! చిన్నప్పటి నుంచి వేరే మాండలిన్లతోనే జనాన్ని నోరు వెళ్లబెట్టించాడు. ఇక సియెరా హల్. టెనెసీ పిల్ల, ఎనిమిదేళ్లకే మాండలిన్ పట్టింది. 2016లో అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంఘం ఇచ్చే మాండలిన్ అవార్డు గెలిచిన మొదటి మహిళ ఆవిడే. తర్వాత రెండేళ్లు కూడా ఆవిడే. ఆవిడ వాయిస్తుంటే కుడి మణికట్టు చూడండి, ఎక్కడా బిగుసుకోదు, ఏదో ఊరికే ఊగుతున్నట్టే ఉంటుంది, స్వరాలు మాత్రం ముత్యాల్లా రాలుతుంటాయి. వీడియో స్పీడు సగానికి తగ్గించి చూడండి, ఇంకా మతి పోతుంది. ఆవిడ మీద పూర్తి వీడియో చేస్తాను, ప్రామిస్.

లోర్ మాండలిన్ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చూస్తుంటే, కింద కామెంట్లో వచ్చి నన్ను కడిగేయండి, ఫర్వాలేదు. కానీ ఒక షరతు. ముందు 1936 రికార్డులు వినండి, ఎఫ్-7వి. వినకుండా వచ్చి తిడితే మాత్రం నేను జవాబు చెప్పను.