పెరట్లో చెట్టు కొట్టాలంటే: ఇంగ్లండ్‌లో ఇల్లున్న మనవాళ్ల కోసం

హోస్ట్: నమస్కారం. ఇంగ్లండ్‌లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్నతో మొదలుపెడదాం అన్నా. పెరట్లో పెద్ద ఓక్ చెట్టుంది, ఆ నీడకి గడ్డి కూడా మొలవట్లేదు. స్థలం మాదే కదా, కొట్టించేయొచ్చా?

అతిథి: చెట్టును చూసి చెప్పే సంగతి కాదమ్మా అది. ముందు రెండు తెలుసుకోవాలి. ఆ చెట్టు మీద ట్రీ ప్రిజర్వేషన్ ఆర్డర్, అంటే చెట్టును కాపాడమని కౌన్సిల్ వేసే ఆర్డర్, పొట్టిగా టీపీవో ఉందా? ఇల్లు కన్జర్వేషన్ ఏరియాలో, అంటే పాత రూపు చెడకూడదని కౌన్సిల్ గుర్తించిన ప్రాంతంలో ఉందా? సొంత స్థలమైనా అడగాలనేది మనకి కొత్తేం కాదు, మన దగ్గర నీరు, భూమి, చెట్ల కోసం వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కూడా ఆ మాటే అంటుంది. ఇక్కడ మాత్రం అడగాల్సింది ఊరి కౌన్సిల్‌ని.

హోస్ట్: టీపీవో ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

అతిథి: చాలా కౌన్సిళ్లు వెబ్‌సైట్‌లో మ్యాప్ పెడతాయి. అందులో కనపడలేదని ఊరుకోకండి, కౌన్సిల్‌లో చెట్ల సంగతి చూసే ట్రీ ఆఫీసర్‌కి ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఇల్లు కొన్నప్పుడు సొలిసిటర్, అంటే మీ లాయరు, కౌన్సిల్ రికార్డుల్లో వెతికించిన లోకల్ సెర్చ్ కాగితాల్లోనూ ఉంటుంది. ఆర్డర్ స్థలంతో పాటే వస్తుంది కాబట్టి పాత ఓనర్ చెప్పలేదంటే కుదరదు. ఇంకో మాట. కొత్త ఎస్టేట్‌లో ఇల్లయితే ప్లానింగ్ పర్మిషన్ షరతులు కూడా చదవాలి. ఫలానా చెట్లు కొన్నేళ్లపాటు కొట్టకూడదని అందులో రాసుండొచ్చు, టీపీవో లేకపోయినా సరే. మనవాళ్లు ఎక్కువగా కొనేవి అవే ఇళ్లు కదా.

హోస్ట్: టీపీవో ఉందనుకుందాం. అప్పుడు?

అతిథి: అప్పుడు కొట్టడమే కాదు, కొమ్మ నరకాలన్నా, తల తీయాలన్నా, వేరు కోయాలన్నా రాతపూర్వక అనుమతి కావాలి. ప్లానింగ్ పోర్టల్ అనే వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టొచ్చు, ఫీజు లేదు. ఇల్లు, రోడ్డు, చెట్టు ఎక్కడున్నాయో చూపిస్తూ ఒక స్కెచ్ గీయాలి. ఏ జాతి చెట్టో, ఏం పని చేయించాలో, ఎందుకో రాయాలి. ఎక్కువ దరఖాస్తులు ఆగిపోయేది ఆ 'ఏం పని' దగ్గరే. 'కాస్త కత్తిరించాలి' అని రాస్తే తీసుకోరు. 'ముప్పై శాతం తగ్గించాలి' అన్నా స్పష్టత లేదు, దేంట్లో ముప్పై? ఎత్తులోనా, ఆకుల్లోనా? 'ఎత్తు 14 మీటర్ల నుంచి 12కి, ఇంటివైపు కొమ్మలు మీటరున్నర' అని రాయండి. చెట్టుకి జబ్బనో, పడిపోయేలా ఉందనో కారణం చూపిస్తే ఆర్బరిస్ట్, అంటే చెట్ల నిపుణుడి రిపోర్ట్ జతచేయాలి.

హోస్ట్: జవాబు ఎన్నాళ్లకొస్తుంది?

అతిథి: ఎనిమిది వారాలు. జనం బోల్తాపడేది ఇక్కడే, కాస్త జాగ్రత్తగా వినండి. ఎనిమిది వారాలైనా కౌన్సిల్ పలకలేదంటే అనుమతి వచ్చినట్టు కాదు. అప్పీలుకి వెళ్లే హక్కు మాత్రం వస్తుంది, అంతే. కాదని ఉత్తరం వస్తే 28 రోజుల్లో ప్లానింగ్ అప్పీళ్లు చూసే ప్రభుత్వ సంస్థ ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కి అప్పీలు చేసుకోవాలి.

కన్జర్వేషన్ ఏరియాలో లెక్క వేరే. అక్కడ టీపీవో లేని చెట్టుకి అనుమతి అడగరు, ఆరు వారాల ముందు నోటీసిస్తే చాలు. ఆ గడువులో కౌన్సిల్ చెట్టుకి టీపీవో వేయొచ్చు. వేయకుండా ఆరు వారాలు దాటితే పని చేయించుకోవచ్చు, నోటీసిచ్చిన రెండేళ్ల లోపల. అంటే ఒకచోట మౌనం అంగీకారం, ఇంకోచోట కాదు. పక్కింటివాళ్లు నోటీసుతో సరిపెట్టారు కదా అని టీపీవో చెట్టున్నవాళ్లు కూడా రంపం పట్టుకుంటే నేరమైపోతుంది.

హోస్ట్: చిన్న చెట్లకి కూడా నోటీసేనా?

అతిథి: కన్జర్వేషన్ ఏరియాలో మినహాయింపుంది. నేల నుంచి మీటరున్నర ఎత్తున కాండం అడ్డకొలత 75 మిల్లీమీటర్లు దాటకపోతే అక్కర్లేదు. అడ్డంగా కొలవడం కష్టం కాబట్టి బట్టలు కుట్టేవాళ్ల టేపు చుట్టూ తిప్పండి. 23.5 సెంటీమీటర్ల లోపలుంటే 75 దాటనట్టే. టేపుతో సహా ఫొటో తీసి పెట్టుకోండి. ఈ మినహాయింపు టీపీవో చెట్టుకి వర్తించదు, మొక్కంత ఉన్నా సరే.

హోస్ట్: చెట్టు చచ్చిపోతే?

అతిథి: పూర్తిగా చచ్చిన చెట్టుకి ఐదు పనిరోజుల ముందు కౌన్సిల్‌కి రాయాలి. బతికున్న చెట్టుకి ఎండు కొమ్మలు తీయడానికి ఏమీ అక్కర్లేదు. గాలివానకి చీలి ఇంటి మీదికి ఒరిగిందనుకోండి, అప్పటికప్పుడు ప్రమాదం తప్పడానికి ఎంత కావాలో అంతే కోసి, వెంటనే కౌన్సిల్‌కి చెప్పాలి. ఒరిగిన కొమ్మ తీస్తే సరిపోయేచోట మొదలంటా నరికితే తప్పే. చచ్చిందనీ ప్రమాదమనీ రుజువు చేసుకోవాల్సింది మీరే. అందుకే కోసేముందు ఫొటోలు కావాలి: చీలిన చోటు, బోలుపడ్డ కాండం, చెట్టు మొదలు దగ్గర అరల్లా పెరిగిన పుట్టగొడుగులు. దుంగ కూడా కొన్నాళ్లు పారేయకండి. సాధారణంగా ఆ చోట మరో చెట్టు నాటాల్సి ఉంటుంది.

హోస్ట్: పక్కింటి చెట్టు కొమ్మలు మన వైపు వేలాడుతుంటే?

అతిథి: సరిహద్దు దాకా కోసుకోవచ్చు, అవతల అడుగుపెట్టకుండా. కానీ ఆ చెట్టుకి టీపీవో ఉంటే దరఖాస్తు మీరే పెట్టాలి. కోసిన కొమ్మలు వాళ్లవి, అడక్కుండా కంచె మీంచి విసిరేయకండి.

హోస్ట్: తెలీక కొట్టించేస్తే శిక్షేమిటి?

అతిథి: టీపీవో చెట్టును నాశనం చేస్తే జరిమానాకి పైహద్దు లేదు. దానివల్ల మీకెంత లాభమొచ్చిందో కూడా కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది. ఎక్స్‌టెన్షన్ కోసం కొట్టించారనుకోండి, అది ఖరీదైన పొరపాటవుతుంది. కోసినవాడూ కోయించినవాళ్లూ ఇద్దరూ బాధ్యులే. తలుపు తట్టి 'నగదిస్తే ఇవాళే కొట్టేస్తా' అనేవాణ్ని పంపించేయండి.

అనుమతి ఉన్నా రెండు చూసుకోవాలి. సుమారు మార్చి నుంచి ఆగస్టు దాకా పక్షులు గూళ్లు కడతాయి, గుడ్లో పిల్లలో ఉన్న గూటిని చెదరగొట్టడం వేరే నేరం. గబ్బిలాలు ఉండే తొర్రయితే అవి లేనప్పుడు కూడా ముట్టుకోకూడదు. ఇక లండన్ చుట్టుపక్కల బంకమట్టి నేల. పెద్ద చెట్టు ఒక్కసారిగా పోతే అది తాగే నీళ్లన్నీ మట్టిలోనే ఉండిపోయి నేల ఉబ్బుతుంది, పునాది ఎత్తుకుని గోడలు పగులుతాయి. ఇంటికి దగ్గర్లో ఉన్న పెద్ద చెట్టయితే కౌన్సిల్ సరేనన్నా సరే, ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించండి.