కుక్కకు గోమార్లు పట్టాయా? కుక్కతో పాటు గోడలు కూడా చూడండి

నమస్తే అండి. కుక్కకు మందు వేయించినా గోమార్లు, అదే పిడుదులు, మళ్లీ మళ్లీ వస్తున్నాయని విసిగిపోయినవాళ్ల కోసం ఈ వీడియో. అసలు సంగతి ముందే చెప్పేస్తా. కుక్క ఒంటి మీద మనకు కనిపించేవి కొన్నే. మిగతావి గోడ పగుళ్లలో, తలుపు చట్రాల సందుల్లో, కుక్క పడుకునే గోనె సంచి మడతల్లో ఉంటాయి. కుక్కకు మందేసి ఇంటిని వదిలేస్తే పని సగమే అయినట్టు.

ముందు ఒళ్లు ఎలా చూడాలో చూపిస్తా. ఇది మా మల్లి, దేశీ కుక్క. అత్తయ్యా, కాస్త మెడ నిమురుతూ ఉండండి, కదలకుండా ఉంటుంది. కళ్లకంటే వేళ్లతో వెతకడం నయం. తోక దగ్గర మొదలుపెట్టి, వెంట్రుకలకు ఎదురుగా, వేళ్లు చర్మానికి ఆనేలా తల వరకు రండి. చిన్న బొడిపెలా తగిలిందంటే అక్కడ ఆగి వెంట్రుకలు పాయ తీసి చూడండి. బెల్టు తప్పకుండా తీసేయాలి, దాని కింద చాలా దాక్కుంటాయి. చంకలు, తొడల సందు, తోక మొదలు కూడా చూడాలి. ఇప్పుడు చెవి దగ్గరకు కెమెరా తెస్తున్నా. చెవి అంచున చిన్న జేబులాంటి మడత ఉంది, కనిపిస్తోందా? చాలామంది చెవి లోపల చూస్తారు కానీ ఈ మడతను తెరిచి చూడరు. తర్వాత కాలి వేళ్ల మధ్య. ఒక్కో సందూ విడదీసి చూడాలి, తొందరపడొద్దు.

ఇదిగో, ఒకటి దొరికింది. బూడిద రంగులో ఆముదం గింజలా ఉబ్బి ఉంది కదా, ఇది రక్తం తాగిన ఆడది. ట్వీజర్స్‌తో దీని తల దగ్గర, చర్మానికి వీలైనంత ఆనించి పట్టుకోండి. మెలితిప్పకుండా నిదానంగా, నేరుగా లాగండి. పొట్ట నొక్కొద్దు. కిరోసిన్ పోయడం, అగరబత్తితో కాల్చడం అసలు వద్దండి, కుక్క ఒళ్లు కాలుతుంది. తీసినదాన్ని వేళ్లతో నలపకుండా స్పిరిట్ ఉన్న డబ్బాలో వేయండి. ఆ చోట యాంటిసెప్టిక్ రాసి, మీరు సబ్బుతో చేతులు కడుక్కోండి.

దీన్ని వదిలేస్తే ఏమవుతుందో చెప్తా. కిందికి దిగి ఏదో ఒక పగులు చూసుకుని అక్కడ వేలకొద్దీ గుడ్లు పెట్టేది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే గోధుమరంగు గోమారి పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి, కొంచెం పెరిగాక ఒకసారి, పెద్దదయ్యాక మరోసారి కుక్కనెక్కి రక్తం తాగుతుంది. తాగిన ప్రతిసారీ దిగి సందుల్లో దాక్కుంటుంది. తిండి లేకున్నా నెలల తరబడి బతుకుతుంది. పైకి పాకే అలవాటు ఉంది కాబట్టి నేల తుడిస్తే సరిపోదు, కర్టెన్ల పైభాగం, స్విచ్ బోర్డుల అంచులు కూడా చూడాలి. పగుళ్లను వైట్ సిమెంట్‌తో మూసేయండి. పడకను వేడినీళ్లలో ఉతికి మంచి ఎండలో ఆరేయండి. అపార్ట్‌మెంట్ అయితే సెల్లార్‌లో వీధికుక్కలు పడుకునే మూల కూడా శుభ్రం చేయించాలి. పాపం, వాటికీ గోమార్ల బాధ ఉంటుంది. నలుగురూ కలిసి వాటికీ మందు వేయిస్తే అందరికీ మంచిది. మన హైదరాబాద్ చలి గోమార్లను ఆపేంత చలి కాదు, అందుకే ఈ జాగ్రత్త ఏడాదంతా ఉండాలి.

మందుల విషయానికొస్తే, నమిలే మాత్రలున్నాయి. అఫోక్సొలానర్ నెలకోసారి, ఫ్లూరలానర్ దాదాపు 12 వారాలకోసారి. మోతాదు బరువును బట్టి మారుతుంది. కుక్కకు ఫిట్స్ ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పండి. ఇంట్లో పిల్లి కూడా ఉందా? అయితే ఇది జాగ్రత్తగా వినండి. కుక్కల మందుల్లో కొన్నింటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లికి తగిలితే వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. కొనే ముందు లేబుల్ చదవండి.

ఇంత టెన్షన్ ఎందుకంటే టిక్ ఫీవర్ వల్ల. గోమార్లు ఎర్లికియా, బబీసియా లాంటి జబ్బులు అంటిస్తాయి. కుట్టిన వెంటనే ఏమీ తెలియదు, ఎర్లికియా లక్షణాలు ఒకటి నుంచి మూడు వారాలకు మొదలవుతాయి. తిండి మానేస్తుంది, మూలన పడి ఉంటుంది. ముక్కు తడిగా ఉంది కదా, జ్వరం లేదులే అనుకోవద్దు, థర్మామీటర్ పెట్టండి. కుక్కకు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ వరకు మామూలే. పెదవి ఎత్తి చిగురు చూడండి. మల్లి చిగురు గులాబీ రంగులో ఉంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. చిగుళ్లు పాలిపోయినా, పొట్ట మీద ఎర్ర చుక్కలు కనిపించినా, ముక్కులోంచి రక్తం వచ్చినా, మూత్రం కాఫీ రంగులో పోస్తున్నా తెల్లారేదాకా ఆగకండి.

మన జ్వరం మాత్రలు మాత్రం వేయొద్దు. ఇబుప్రోఫెన్ కుక్క కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తుంది. రక్త పరీక్షతో ఏ జబ్బో తేలాలి, ఎందుకంటే ఎర్లికియాకు ఇచ్చే డాక్సీసైక్లిన్ బబీసియాకు సరిపోదు. డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు రాస్తారు. నాలుగు రోజులకే లేచి తోక ఊపుతోందని ఆపేస్తే జబ్బు లోపలే ఉండిపోయి, నెలల తర్వాత మరింత ముదిరి బయటపడొచ్చు. కోర్సు పూర్తి చేయండి.

ప్రైవేట్ క్లినిక్ ఖర్చు భారమైతే నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉన్నాయి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, ఇప్పటిదాకా వేసిన మాత్రల స్ట్రిప్పులు, జ్వరం రాసుకున్న కాగితం వెంట తీసుకెళ్లండి. గోమార్లు ఎప్పుడు కనిపించాయో డాక్టర్ అడగకముందే మీరే చెప్పండి.