లాస్ట్ బస్సు చూసుకుని నడక మొదలుపెట్టండి: కృష్ణ, తుంగభద్ర ఒడ్డున

(దృశ్యం: తెల్లవారుజాము, మిర్యాలగూడ బస్టాండ్. ప్లాట్‌ఫాం మీద పల్లెవెలుగు బస్సు, పక్కన ఆవిరి పోతున్న చాయ్ గ్లాసు.)

నమస్తే. ఈ వీడియో కారు లేనివాళ్ల కోసం. కారున్నా ఆదివారం డ్రైవింగ్ అంటే విసుగొచ్చినవాళ్లు కూడా చూడొచ్చు.

నది ఒడ్డున నడవాలంటే సొంత బండి ఉండాలని చాలామంది అనుకుంటారు. మన నల్లగొండ, పాలమూరు వైపు ఆ అవసరం లేదు. కృష్ణ ఒడ్డున రేవు రేవుకూ ఒక గుడి ఉంటుంది. గుడి ఉన్నచోట జాతర, జాతర ఉన్నచోటికి ఆర్టీసీ బస్సు. దానికి తోడు 2016లో కృష్ణా పుష్కరాలు వచ్చాయి. అప్పుడు ఊరూరా ఘాట్లు కట్టారు, వాటి దాకా రోడ్లు వేశారు. పన్నెండు రోజుల స్నానాల కోసం కట్టిన ఆ మెట్లే ఇప్పుడు మనం కూర్చుని సద్ది విప్పుకునే చోట్లు. మళ్లీ పుష్కరాలు 2028లో. అప్పటిదాకా మామూలు రోజుల్లో జనం పెద్దగా ఉండరు.

అయితే ఒక్క మాట. వెళ్లే బస్సు గురించి అందరూ అడుగుతారు. అడగాల్సింది తిరుగు బస్సు గురించి.

పోయినేడు నాకు ఇదే జరిగింది. పొద్దున హాయిగా వెళ్లి ఒక రేవు ఊళ్లో దిగాను, సాయంత్రం దాకా తిరిగాను. ఆరున్నరకు బస్టాప్ దగ్గరికొస్తే అరుగు మీదున్న పెద్దాయన నవ్వాడు. "ఇగ బస్సు రాదు బిడ్డా. వచ్చేది నైట్ హాల్ట్ బస్సు, అది పొద్దుగాలనే పోతది." నైట్ హాల్ట్ అంటే తెలుసు కదా, డ్రైవర్, కండక్టర్ ఊళ్లోనే పడుకుని తెల్లారి బండి తీసే బస్సు. చివరికి పాల వ్యాన్‌లో, క్యాన్ల మధ్య కూర్చుని మెయిన్ రోడ్డు చేరాను. ఇప్పుడు చెప్పుకోవడానికి బాగుంది గానీ, అప్పుడు మాత్రం బాగా టెన్షన్ పడ్డాను.

ఆ రోజు నుంచి నా పద్ధతి మార్చుకున్నా. బస్సులు తక్కువున్న ఊళ్లో పొద్దున్నే దిగుతాను. బస్సులు ఎక్కువున్న రోడ్డు వైపు నడుస్తాను. ఎంత ఆలస్యమైనా ఏదో ఒక బండి దొరుకుతుంది. టైమింగ్స్ కోసం ఆర్టీసీ గమ్యం యాప్ ఉంది, చూడండి. కానీ పల్లెవెలుగు విషయంలో నేను నమ్మేది బస్టాండ్‌లో కంట్రోలర్‌ని. "సార్, అక్కడి నుంచి లాస్ట్ బస్సు ఎన్నింటికి?" అని అడిగితే నోటికి చెప్పేస్తాడు. తర్వాత అదే ప్రశ్న దిగేటప్పుడు కండక్టర్‌ని అడగండి. ఇద్దరి జవాబూ ఒకటే అయితే నిశ్చింతగా నడవండి.

(దృశ్యం: బస్సు కిటికీలోంచి వరి పొలాలు, దూరంగా వంతెన.)

మొదటిసారి వెళ్లేవాళ్లకు వాడపల్లి చెబుతాను. మిర్యాలగూడ నుంచి దామరచర్ల మీదుగా, గంట లోపు ప్రయాణం. హైవే మీద ఊరు కాబట్టి తిరుగు బస్సు భయం లేదు. వంతెన దాటితే అవతల పొందుగుల, పల్నాడు జిల్లా. రైలు కావాలంటే బీబీనగర్-నడికుడి లైన్లో విష్ణుపురం స్టేషన్ దగ్గర్లోనే ఉంది.

ఇక్కడ మూసీ కృష్ణలో కలుస్తుంది. హైదరాబాద్‌లో ముక్కు మూసుకుని దాటే ఆ మూసీయే. అనంతగిరి కొండల్లో పుట్టి, నగరం మధ్య నుంచి వచ్చి, సూర్యాపేట వైపు ప్రాజెక్టులో కాసేపు ఆగి, ఇక్కడ తన పేరు వదిలేస్తుంది. నేను సంగమానికి వచ్చేదే దీని కోసం. చాదర్‌ఘాట్ వంతెన మీద నిలబడి చూసిన నీళ్లకు ఇంత విశాలమైన ముగింపు ఉందంటే మొదట నమ్మబుద్ధి కాలేదు.

సంగమం ఒడ్డునే మీనాక్షీ అగస్త్యేశ్వరుడి గుడి. లింగం తల మీద చిన్న గుంట, అందులో ఎప్పుడూ నీళ్లు. కథ ఇలా చెబుతారు. బోయవాడు తరుముతుంటే ఒక పిట్ట వచ్చి శివుణ్ని శరణు వేడింది. పిట్టను ఇవ్వను, ఆకలైతే నా తల నుంచి మాంసం తీసుకో అన్నాడట శివుడు. బోయవాడు పది వేళ్లతో పెకిలిస్తే, ఆ గాయం కడగడానికి గంగ వచ్చిందట. ఊళ్లోకి నడిస్తే లక్ష్మీనరసింహస్వామి గుడి. గర్భగుడిలో రెండు దీపాలు. స్వామి ముఖం ఎత్తున ఉన్నది రెపరెపలాడుతుంది, కిందిది కదలదు. అది స్వామి ఊపిరి అంటారు పూజారులు. రెండు నిమిషాలు నిలబడి మీరే చూడండి.

నడక పెద్దదేం కాదు. ముందు నరసింహస్వామి గుడి, అక్కడి నుంచి ఊరి మధ్యగా అగస్త్యేశ్వరుడి దగ్గరికి, తర్వాత మెట్ల మీదుగా నీటి అంచుకు. మళ్లీ పైకెక్కితే హైవే. చుట్టుపక్కల సిమెంట్ ఫ్యాక్టరీలున్నాయి, లారీలు ఎక్కువ, రోడ్డు అంచున దుమ్ము. అందుకే మెయిన్ రోడ్డు పక్కన నడవకండి, ఊరి లోపలి దారి పట్టండి.

(దృశ్యం: కట్ట మీద నుంచి తుంగభద్ర, ఇవతల ఎర్రరాతి గోపురాలు.)

పాలమూరు వైపు వాళ్లకు అలంపురం. మహబూబ్‌నగర్ నుంచి కర్నూలు బస్సెక్కి అలంపూర్ చౌరస్తాలో దిగితే, అక్కడి నుంచి లోపలికి బస్సులు, షేర్ ఆటోలు. శక్తిపీఠం జోగులాంబ కోసం అందరూ వస్తారు, దర్శనం చేసుకుని గంటలో వెళ్లిపోతారు. పక్కనున్న నవబ్రహ్మ ఆలయాలను మాత్రం తీరిగ్గా చూడాలి. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించినవి. పేర్లన్నీ బాలబ్రహ్మ, తారకబ్రహ్మ, స్వర్గబ్రహ్మ. లోపలంతా శివలింగాలే!

శ్రీశైలం డ్యామ్ నీళ్లు వెనక్కి తన్నినప్పుడు ఈ గుళ్లు మునగకుండా నదికీ ఊరికీ మధ్య కట్ట పోశారు. మునిగిపోయే చోట్ల ఉన్న పాపనాశి గుళ్లను, కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. నా పద్ధతి ప్రకారం ముందు ఆటోలో పాపనాశి గుళ్ల దాకా వెళ్లి, అక్కడి నుంచి ఊరి వైపు నడిచి రండి. ఆ కట్ట కూడా నీళ్లను పూర్తిగా ఆపలేకపోయింది. 2009 అక్టోబర్ వరదల్లో అలంపురం మునిగింది. ఊళ్లో ఎవరినైనా అడగండి, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

కృష్ణ ఒడ్డునే ఉన్న సోమశిల గురించి ఎక్కువ చెప్పను. కొల్లాపూర్ నుంచి దగ్గర, ఫోటోలు అందరూ చూశారు, సెలవు రోజుల్లో రద్దీ. మామూలు రోజు వెళ్లండి.

(దృశ్యం: రైలు తలుపు దగ్గర నుంచి మక్తల్ స్టేషన్ బోర్డు.)

నాకు ఎక్కువ ఇష్టమైనది చివరికి దాచుకున్నా. మక్తల్ మీదుగా పంచదేవ్‌పహాడ్. మక్తల్‌కు రైలు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. జక్లేర్, కృష్ణ స్టేషన్ల మధ్య 37 కిలోమీటర్ల లైను పూర్తయి, 2023 అక్టోబర్ 1న కాచిగూడ-రాయచూర్ రైలు మొదలైంది. మక్తల్‌లో దిగి, పడమటి ఆంజనేయస్వామిని చూసి, బస్టాండ్‌లో కంట్రోలర్‌ని పట్టుకోండి. ఇక్కడ బస్సులు తక్కువ, తిరుగు టైం తెలుసుకోకుండా ఎక్కొద్దు.

పంచదేవ్‌పహాడ్‌లో దిగాక పొలాల మధ్య దారి ఏటికి పోతుంది. మధ్యలో కృష్ణ రెండు పాయలై ఒక లంకను చుట్టుకుంది. అదే కురుమగడ్డ, కురవపురం. పిఠాపురంలో పుట్టిన శ్రీపాద శ్రీవల్లభుడు తపస్సు చేసిన చోటుగా భక్తులు కొలుస్తారు. ఆ లంక కర్ణాటకది, మనం నిలబడ్డ ఒడ్డు తెలంగాణది. దాటడానికి పడవ ఉంటుంది. నీళ్లు ఎక్కువుంటే ఆపేస్తారు. ఆపితే బేరాలాడకండి, ఒడ్డునే కూర్చోండి.

నీళ్లలోకి మాత్రం దిగొద్దు. ఈ వైపు కృష్ణలో మొసళ్లున్నాయి, జాలర్లను అడిగితే చెబుతారు. ఇసుక తోడిన గుంతలు పైకి కనబడవు. వానాకాలంలో పైన గేట్లు ఎత్తితే ఒడ్డు చూస్తుండగానే మారిపోతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చి దాటితే బండలు కాలిపోతాయి.

అక్కలకు, చెల్లెళ్లకు ఒక మాట. తెలంగాణ లోపల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకు 2023 డిసెంబర్ 9 నుంచి టికెట్ డబ్బులు లేవు. ఆధార్ లాంటి కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోండి. కర్నూలు, పిడుగురాళ్ల బస్సుల్లో ఈ సౌకర్యం రాష్ట్రం సరిహద్దు వరకే.

సంచిలో రెండు లీటర్ల నీళ్లు, జొన్నరొట్టె, పల్లి పొడి, తువ్వాల. చిల్లర మర్చిపోవద్దు, పడవాయన దగ్గర ఫోన్‌పే పనిచేస్తుందని నమ్మకం లేదు.

(దృశ్యం: సాయంత్రం, ఎర్రమట్టి రోడ్డు మలుపులో బస్సు హెడ్‌లైట్లు.)

అదిగో, నాలుగున్నర బస్సు. పావుగంట లేటు. చెయ్యెత్తాలి, లేకపోతే ఆపడు.