ముందు దక్షిణం ఎటో చూద్దాం: విశాఖలో చుక్కల పరిచయం

అందరికీ నమస్కారం.

టెలిస్కోపు ఏది కొనాలో అడుగుదామని వచ్చినవారు మీలో చాలామందే ఉంటారు. ఈ ఏడాదికి ఏదీ కొనకండి. ముందు మన ఊళ్లో ఏ దిక్కు ఎటుందో తేల్చుకుందాం.

ఆర్కే బీచ్‌లో సముద్రానికి ఎదురుగా నిలబడి అదే తూర్పు అనుకుంటాం. కాదు. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా సాగుతుంది కాబట్టి ఎదురుగా ఉన్నది ఆగ్నేయం. కుడిచేతి వైపు డాల్ఫిన్స్ నోస్ కొండ ఉన్నది నైరుతి. ఆ రెంటికీ నడుమ, నీళ్ల మీద ఉంది దక్షిణం. అటు ఇళ్లు లేవు, వీధి దీపాలు లేవు. ఊరి వెలుతురంతా మన వెనక ఉండిపోతుంది. ఉత్తరాన ధ్రువ నక్షత్రాన్ని వెతుక్కోవడం మనకు కష్టమే గానీ, దక్షిణాకాశం మాత్రం విశాఖకు కొంగుబంగారం.

ఫిబ్రవరి మొదటి వారంలో, రాత్రి తొమ్మిది గంటలకు అటు తిరిగి చూడండి. బాగా ఎత్తున, మిగతా చుక్కలన్నిటినీ వెలవెలబోయేట్టు చేస్తూ ఒకటి మెరుస్తుంది. అది మృగవ్యాధుడు, ఫోనులోని యాప్ దాన్ని సిరియస్ అంటుంది. అక్కడి నుంచి చూపు దాదాపు నిట్టనిలువుగా కిందికి దించండి. చేయి చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు పది డిగ్రీలను కప్పుతుంది. సముద్రపు అంచు మీద అలాంటి పిడికిళ్లు రెండు ఒకదానిపై ఒకటి పెట్టినంత ఎత్తులో మరో పెద్ద చుక్క ఉంటుంది. అదే అగస్త్యుడు. రాత్రి కనిపించే నక్షత్రాల్లో వెలుగులో దానిది రెండో స్థానం. దూరం సుమారు 310 కాంతి సంవత్సరాలు. లండన్ వాసులకు అది ఊళ్లో ఉండగా ఎన్నటికీ కనిపించదు. ఢిల్లీలో పిడికిలి ఎత్తు కూడా లేవదు. మనం 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం కాబట్టి మనకు ఇరవై డిగ్రీల దాకా లేస్తుంది. సముద్రాన్ని ఆపోశన పట్టిన మునిని సముద్రం మీదే చూడటం నాకు భలే ఇష్టం.

ఒక్క జాగ్రత్త. పోర్టులోకి వెళ్లే వంతు కోసం లంగరు వేసిన ఓడల దీపాలను చూసి చుక్కలని పొరపడతారు. అనుమానం వస్తే గంట ఆగండి. చుక్కయితే జరుగుతుంది, ఓడయితే అక్కడే ఉంటుంది.

నక్షత్రాలు రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి, అంటే నెలకు రెండు గంటలు. ఫిబ్రవరిలో తొమ్మిదింటికి చూసిందే డిసెంబరు మొదట్లో చూడాలంటే రాత్రి ఒంటిగంట దాకా మేలుకోవాలి.

ఇక ఏ కాలంలో ఏ చుక్క అన్నదానికి కొత్త పుస్తకం అక్కర్లేదు, ఇంట్లో పంచాంగం చాలు. ఫలితాల పేజీలు వదిలేసి కార్తెలు చూడండి. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే ఆ కార్తె. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె మొదలవుతుంది. రోళ్లు పగిలే ఎండ అంటారు. సూర్యుడి పక్కనే ఉన్న రోహిణి ఆ రోజుల్లో మనకు కనిపించదు. ఆరు నెలలు గడిచి నవంబరు చివరికి వస్తే, పొద్దు గూకే వేళకు ఎర్రగా తూర్పున లేచి తెల్లవార్లూ ఉంటుంది. దానికి కాస్త ముందే కృత్తికలు, మన పెద్దవాళ్ల పిల్లలకోడి, పైకి వస్తాయి. ఇరవై ఏడు కార్తెలకూ ఇదే లెక్క.

మే నెల మధ్యలో, ఉక్కబోతకు ఎలాగూ మేడ ఎక్కుతాం కదా, రాత్రి తొమ్మిదింటికి దక్షిణాన త్రిశంకు, అంటే సిలువ ఆకారంలో కనిపించే నాలుగు చుక్కల గుంపు, నిటారుగా నిలుస్తుంది. పై చుక్క పిడికిలిన్నర ఎత్తులో, కింది చుక్క పిడికిలి లోపే. దానికి ఎడమగా రెండు పెద్ద చుక్కలుంటాయి. వాటిలో ఎడమవైపుది ఆల్ఫా సెంటారీ, సూర్యుణ్ణి మినహాయిస్తే కంటికి కనిపించే నక్షత్రాల్లో మనకు అతి దగ్గరిది. అప్పుడే వెనక్కి తిరిగితే ఉత్తరాన సప్తర్షి మండలం. వశిష్ఠుడి పక్కన అరుంధతిని చూడటానికి అదే మంచి కాలం. మాఘమాసపు పెళ్లిళ్లలో సప్తర్షులు రాత్రి పది దాటితే గానీ ఈశాన్యంలో కంటికి ఆనరు. పట్టపగలు ముహూర్తమైతే మరీ విడ్డూరం: పురోహితుడు చూపిస్తాడు, వధూవరులు తలూపుతారు, ఫొటో మాత్రం బాగా వస్తుంది.

వానాకాలం గురించి చెప్పడానికేమీ లేదు. మబ్బు విడిచినప్పుడు చూడటమే.

ఇది మన ఊరికి కొత్త సరదా కాదు. డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో 1840లోనే వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రగ్రహం దాటిపోవడాన్ని ఇక్కడి నుంచే పరిశీలించారు. ఆ దారిన రోజూ వెళ్లేవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే.

చేతిలో ఏదో ఒకటి ఉండాల్సిందే అంటారా, 7×50 బైనాక్యులర్ కొనండి, అంటే ఏడు రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 50 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్నది. 10×50 కూడా మంచిదే గానీ చేయి వణికితే చుక్కలు గంతులేస్తాయి. గోడకో స్తంభానికో మోచేతులు ఆనించి చూస్తే బృహస్పతి చుట్టూ నాలుగు ఉపగ్రహాలు, కృత్తికల్లో డజన్లకొద్దీ చుక్కలు దొరుకుతాయి. కళ్లు చీకటికి అలవాటు పడాలి కాబట్టి చూడబోయే ముందు ఇరవై నిమిషాలు ఫోను జేబులోనే ఉంచండి. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టండి.

మన సముద్రపు గాలిలోని తేమకు అద్దాలకు బూజు పడుతుంది. ఇంటికి రాగానే బైనాక్యులర్‌ను తోలు సంచిలో కుక్కకుండా కాసేపు ఆరనిచ్చి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు పెట్టండి. వానాకాలంలో ఆ పొట్లాలను మారుస్తూ ఉండండి.