ఆ ఒక్క ‘రు’ కోసం

సభకు నమస్కారం. గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి అయిన ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవ వేళ, ‘భాషలో మర్యాద’ అన్న అంశాన్ని నాకు అప్పగించిన నిర్వాహకులకు కృతజ్ఞుణ్ణి. సమయం తక్కువ గనుక నేరుగా విషయానికి వస్తాను.

బియ్యం అయిపోతే మన ఇళ్ళలో నిండుకున్నాయంటారు. దీపం ఆరితే కొండెక్కిందంటారు. గడప దాటేవారు వెళ్ళొస్తామంటారు. వినేవారి మనసు చివుక్కుమనకుండా మాటను ఇంత పదిలంగా వాడుకునే మనం, మనిషిని పిలిచే చోట ఆ జాగ్రత్త ఎందుకు వదిలేస్తున్నామో నాకు బోధపడదు. వాడు, అతను, ఆయన, వారు అని మగవారికి మెట్లు కట్టుకున్నాం. ఆడవారి దగ్గరికి వచ్చేసరికి ‘ఆవు వచ్చింది’, ‘ఆమె వచ్చింది’ అంటూ ఒకే క్రియతో సరిపెడతాం. ‘వచ్చారు’ అన్నప్పుడే ఆ తేడా తెలుస్తుంది. ఆ ‘రు’ కోసమే ఈ రోజు మాట్లాడుతున్నాను.

కొన్నేళ్ళ క్రితం ఒక బ్యాంకులో, డెబ్బై దాటిన ఒక పెద్దావిడ పింఛను సొమ్ము కోసం వరుసలో నా ముందు నిలబడ్డారు. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన పాసుపుస్తకాన్ని రెండు చేతులతో అందించారు. మనవడి వయసున్న ఉద్యోగి, “అక్కడ కాదు, ఇక్కడ పెట్టు వేలు, ఎన్నిసార్లు చెప్పాలి నీకు?” అని కసిరి, ఆ వెంటనే నా ఇస్త్రీ చొక్కా చూసి, “రండి సార్, కూర్చోండి” అన్నాడు. నేను కూర్చున్నాను. ఆవిడ నిలబడే ఉన్నారు. ఆ రోజు నేను కూర్చున్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

‘నువ్వు’ అన్నంత మాత్రాన అవమానమా అని మీరు అడగవచ్చు. అమ్మనూ దేవుణ్ణీ నువ్వనే పిలుస్తాం. తెలంగాణ పల్లెల్లో పెద్దవారిని ఆప్యాయంగా నువ్వనడం నేనూ విన్నాను. అక్కడ ఇద్దరూ ఒకరినొకరు అలాగే పిలుచుకోగలరు. బ్యాంకులో ఆ పెద్దావిడ తిరిగి అతణ్ణి నువ్వనగలరా? అయ్యా, అమ్మా, ఇక్కడున్న ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను: మీ ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడను ఈ ఉదయం ఏమని పిలిచారు?

బ్యాంకులో ఆ పెద్దావిడ వేలికంటిన సిరాను చెంగు చివర తుడుచుకున్నారు, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు, “వెళ్ళొస్తాను బాబూ” అని అతనితో చెప్పి కదిలారు. అతను తలెత్తలేదు, నా కాగితాలు చూస్తున్నాడు.