ఆన్‌లైన్ సర్వైవల్ కిట్: రాయలసీమలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, ఏం కలపాలి

నమస్కారం అండీ. టేబుల్ మీద కనిపిస్తున్న ఈ నల్ల ప్లాస్టిక్ పెట్టె ఆన్‌లైన్‌లో దొరికే సర్వైవల్ కిట్, అంటే ఆపదలో ప్రాణం నిలబెట్టుకోవడానికని అమ్మే సామాన్ల పెట్టె. ఏడెనిమిది వందల నుంచి పదిహేను వందల దాకా ఉంటుంది. మూత మీద ఇన్ని రకాలు, అన్ని రకాలు అని పెద్ద అంకె వేసుంటారు. ఆ అంకెను పట్టించుకోకండి. పట్టకారు ఒకటి, గీకుడు బిళ్ళ ఒకటి, కొక్కెం ఒకటి అని విడివిడిగా లెక్కేస్తే ఏ పెట్టెలోనైనా పద్దెనిమిది తేలతాయి.

తెరిచే ముందు ఒక విషయం. ఈ పెట్టెను చలిదేశంలో, అడవిలో దారి తప్పిన మనిషి కోసం తయారుచేశారు. మనకొచ్చే ఆపద వేరు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలులోకి వచ్చినప్పుడు జనం మిద్దెలెక్కారు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు ఒడ్డున రాజంపేట వైపు ఊళ్ళు కొట్టుకుపోయాయి. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. కాబట్టి మన మొదటి కొలత ఇది: కరెంటు లేకుండా, మంచినీళ్ళు లేకుండా, మిద్దె మీద రెండు మూడు రోజులు గడపగలమా? రెండో కొలత మే నెల ఎండ. గండికోట దారిలోనో, నల్లమల ఘాట్‌లోనో మధ్యాహ్నం బండి ఆగిపోతే సాయం వచ్చేదాకా ప్రాణం నిలబెట్టుకోగలమా? ఏ వస్తువు తీసినా ఈ రెండిటికీ పనికొస్తుందా లేదా అని చూద్దాం.

ముందు టార్చి. రాత్రి నీళ్ళొస్తే చేతికి కావలసిన మొదటి వస్తువు ఇదే. అట్ట మీద 1000 ల్యూమెన్లు, 2000 ల్యూమెన్లు అని రాసుంటుంది. ల్యూమెన్ అంటే వెలుతురు కొలత. లోపల పట్టేది ఒక్క పెన్సిల్ సెల్లు. మంచి ఆల్కలైన్ పెన్సిల్ సెల్లులో మొత్తం ఉండే శక్తి సుమారు 3 వాట్ అవర్లు. దాన్నుంచి ఒకటిన్నర వాట్లు లాగినా వచ్చే వెలుతురు నూటయాభై ల్యూమెన్లు దాటడం కష్టం. అంటే అట్ట మీద అంకె అబద్ధం. అయినా మిద్దె మెట్లు ఎక్కడానికి యాభై ల్యూమెన్లు చాలు. మనం చూడాల్సింది ఎంతసేపు వెలుగుతుందనేది.

పరీక్ష ఇలా చేయండి. కొత్త ఆల్కలైన్ సెల్లు వేసి, సాయంత్రం వెలిగించి, టైము రాసి పెట్టండి. నేల మీద పేపరు చదవలేనంత మసకబారిన టైము కూడా రాయండి. రెండు గంటలు కూడా రాకపోతే ఆ టార్చిని నమ్ముకోకూడదు. తర్వాత అరచేతి మీద నాలుగైదుసార్లు గట్టిగా తట్టండి. ఆరిపోయి వెలుగుతుంటే లోపల స్ప్రింగు వదులుగా ఉన్నట్టు. మూత తీసి స్ప్రింగును కొంచెం పైకి లాగి, అంచుల్ని మెత్తటి గరుకు కాగితంతో రుద్దితే చాలాసార్లు బాగవుతుంది. మూత దగ్గర రబ్బరు వాషరు ఉందో లేదో చూడండి. దానికి కాస్త వేజలిన్ రాస్తే తడి లోపలికి పోదు.

సెల్లు మాత్రం టార్చిలో ఉంచి నెలల తరబడి వదిలేయకండి. మన ఎండలకు సెల్లు కారిపోతుంది. ఆ తెల్లటి పొడి అంటుకుని టార్చి మొత్తం పోతుంది. చవక జింకు సెల్లులైతే ఇంకా తొందరగా కారతాయి. సెల్లులు నాలుగు వేరే కవరులో వేసి టార్చికి రబ్బరు బ్యాండుతో కట్టండి. కుదిరితే తలకు తగిలించుకునే లైటు ఒకటి కొనండి. ఒక చేత్తో పిల్లను ఎత్తుకుని, ఇంకో చేత్తో మెట్ల పిట్టగోడ పట్టుకున్న మనిషికి టార్చి పట్టుకోవడానికి మూడో చెయ్యి ఉండదు.

విజిల్. దీన్ని తప్పకుండా ఉంచుకోవాలి. అరిస్తే పావుగంటలో గొంతు పోతుంది, విజిల్‌కు ఆ సమస్య లేదు. లోపల గోళీ ఉన్న రకమైతే తడిసినప్పుడు, బురద పట్టినప్పుడు ఆ గోళీ ఇరుక్కుంటుంది. చెంబులో ముంచి, తీసిన వెంటనే ఊదండి. మోగకపోతే గోళీ లేని విజిల్ కొనండి, క్రీడా సామాన్ల అంగడిలో దొరుకుతుంది. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని కొనండి. మూడుసార్లు ఊదడం, ఆగడం, చుట్టుపక్కల వినడం, మళ్ళీ మూడుసార్లు. మూడు అనేది ఆపదకు గుర్తు, పిల్లలకు కూడా నేర్పించండి.

దిక్సూచి గురించి ఎక్కువసేపు వద్దు. ఫోను, బండి, ఇనుప గేటు వీటికి రెండు మీటర్ల దూరంలో నేల మీద పెట్టి చూడండి. ముల్లు కదిలి ప్రతిసారీ ఒకే వైపు ఆగాలి. ఉదయం సూర్యుడు తూర్పున ఉంటాడు కాబట్టి ఉత్తరం సరిగ్గా చూపిస్తోందో లేదో తెలిసిపోతుంది. కొన్నిటికి ముల్లు తిరగబడి దక్షిణాన్ని ఉత్తరమని చూపిస్తుంది. అలాంటిది లేకపోవడమే మేలు. ఇల్లు మునిగినవాళ్ళకు దిక్సూచితో పని లేదు.

తీగ రంపం. వీడియోల్లో చెట్టునే కోసేస్తారు. ఈ రకంలో ముందు ఊడేది తీగ చివర్లలోని రింగులు. చేతికి గ్లవుజు వేసుకుని, రెండంగుళాల వేప కొమ్మ మీద ప్రయత్నించండి. తీగను కొమ్మ చుట్టూ గట్టిగా వంచి లాగితే వేడెక్కి తెగుతుంది. రెండు చేతులూ వీలైనంత దూరంగా జరిపి, తీగ దాదాపు తిన్నగా ఉండేలా లాగాలి. అలా లాగినా తెగితే బాధపడకండి. దారికి అడ్డంపడిన కొమ్మ కోయాలంటే హార్డ్‌వేర్ అంగడిలో దొరికే మడత రంపం దీనికంటే ఎంతో నయం.

మడత కత్తి తెరిచి, దాని వెన్నును చెక్కకు ఆనించి మెల్లగా నొక్కండి. వేళ్ళు పదును మడుచుకునే దారిలో ఉండకూడదు. మడుచుకుపోతే పారేయండి, అది ఎప్పుడో వేళ్ళు తెంపుతుంది. వంటింటి చిన్న కత్తికి అట్ట తొడుగు చేసి పెట్టుకుంటే చాలు. పెట్టెలో వచ్చే, రకరకాల పనిముట్లని చెప్పే ఇనుప కార్డు, లావు పెన్ను రెండూ పక్కన పెట్టేయవచ్చు.

చేతికి వేసుకునే బ్రేస్‌లెట్‌లా అల్లి ఇచ్చిన తాడు విప్పితే మూడు మీటర్ల దాకా వస్తుంది. చివర కోసి చూడండి. అసలైన పారాకార్డులో, అంటే పారాచూట్ రకం తాడులో, లోపల ఏడు పోగులుంటాయి. చవకవాటిలో మూడో నాలుగో ఉంటాయి, కొన్నిట్లో అసలు ఉండవు. మనిషి బరువును దీనికి ఎప్పుడూ అప్పజెప్పకండి. గుడ్డ కట్టడానికి, సంచి మూతి బిగించడానికి పనికొస్తుంది. వరదలో మనుషుల్ని పట్టి లాగాలంటే బొటనవేలంత లావు నైలాన్ తాడు పదిహేను మీటర్లు వేరే కొనాలి.

గీకితే రవ్వలు రాల్చే నిప్పు కడ్డీ మీద నల్ల రంగు పూత ఉంటుంది. దాన్ని గీకేదాకా రవ్వలు రావు. చాలామంది ఇక్కడే పనిచేయలేదని పారేస్తారు. కత్తి వెన్నుతో పూత గీకి, గీకుడు బిళ్ళను కదలకుండా పట్టుకుని, కడ్డీని వెనక్కి లాగండి. రవ్వలు కింద పెట్టిన దూది మీద పడతాయి. దూదికి వేజలిన్ పట్టిస్తే కొన్ని నిమిషాలు మండుతుంది. మన ఇళ్ళలో ఉండే హారతి కర్పూరం ఇంకా బాగా అంటుకుంటుంది. అది గాలికి ఆవిరైపోతుంది కాబట్టి మూత గట్టిగా ఉన్న డబ్బాలో, పిల్లలకు అందకుండా పెట్టాలి. పిల్లలు మింగితే ఫిట్సు వస్తాయి. అగ్గిపెట్టె ఒకటి జిప్ కవరులో వేసి పెట్టండి. ఇంతా చెప్పి, మన దగ్గర నిప్పుతో వచ్చే మేలు తక్కువే అనాలి. నీళ్ళొచ్చిన ఇంట్లో గ్యాస్ లీకయి ఉండొచ్చు. ఎండాకాలం నల్లమలలో, లంకమలలో ఎండుగడ్డికి ఒక్క రవ్వ చాలు, కొండ తగలబడుతుంది. అడవిలో నిప్పు పెట్టడం నేరం కూడా.

వెండి దుప్పటి మాత్రం మనకు రెండు రకాలుగా అక్కరకొస్తుంది. ఇది పల్చటి ప్లాస్టిక్ మీద అల్యూమినియం పూత. ఒంటి వేడిని వెనక్కి కొడుతుంది. రాత్రంతా వానలో తడిసినవాళ్ళకు తడి బట్టలు తీసి, పొడి గుడ్డ చుట్టి, దానిపైన ఇది కప్పాలి. ఎండలో దీన్ని ఒంటికి చుట్టుకోకూడదు, ఉక్కపోసి ప్రాణం మీదికొస్తుంది. పందిరిలా కట్టాలి, తలకు పైన కనీసం రెండు మూడు జానల ఎడం ఉండాలి, గాలి ఆడాలి. మెరిసే వైపు ఆకాశానికి. మూలలకు రంధ్రం పొడిచి తాడు కడితే నిలువునా చిరుగుతుంది. మూలలో చిన్న గులకరాయి పెట్టి, దుప్పటిని దాని చుట్టూ మడిచి, ఆ మెడకు తాడు బిగించండి. కరెంటు తీగల దగ్గర కట్టొద్దు. ఇంకో రెండు కొని పెట్టుకోండి, ఒకసారి విప్పితే మళ్ళీ ఆ మడతలో పెట్టడం కుదరదు.

ఇప్పుడు పెట్టెలో అసలు లేనిదానికి వద్దాం. నీళ్ళు.

తాగడానికే మనిషికి రోజుకు మూడు లీటర్లు అనుకోండి. ఎండాకాలం అది ఇంకా పెరుగుతుంది. నలుగురున్న ఇంటికి మూడు రోజులకు ముప్పయ్యారు లీటర్లు. అంటే ఇరవై లీటర్ల క్యాన్లు రెండు, మూత వేసి మిద్దె మీద గదిలోనో, మెట్ల కింద కాకుండా పైన ఎక్కడో ఉండాలి. వాన హెచ్చరిక రాగానే నింపి పైకెక్కించండి. భుజానికి తగిలించుకుని బయల్దేరే సంచిలో మాత్రం మనిషికొక లీటరు సీసా. కొన్ని కిట్లలో వచ్చే నూటపాతిక మిల్లీలీటర్ల నీళ్ళ పొట్లాలు గొంతు తడపడానికి కూడా చాలవు.

క్లోరిన్ బిళ్ళలు మందుల షాపులో అడగండి. ఇక్కడ తప్పు ఎక్కువగా జరుగుతుంది. ఒక్కో రకం బిళ్ళ ఒక్కో కొలతకు చేస్తారు. కొన్ని లీటరుకు, కొన్ని ఇరవై లీటర్లకు. అట్ట మీద చదివి, బిందె కొలత చూసి వేయండి. ఇరవై లీటర్ల బిళ్ళను లీటరు సీసాలో వేస్తే తాగలేరు. బురద నీళ్ళలో నేరుగా వేస్తే క్లోరిన్ బురదతోనే ఖర్చయిపోతుంది, క్రిములు చావవు. అందుకే ముందు పటిక ముక్కను నీళ్ళలో నాలుగైదు చుట్లు తిప్పి, కదపకుండా తేరనివ్వండి. పైనీటిని నాలుగు మడతల నూలు పంచెలో వడకట్టండి. అప్పుడు బిళ్ళ వేసి, అరగంట ఆగి, వాసన చూడండి. కొద్దిగా క్లోరిన్ వాసన వస్తే తాగొచ్చు. ఏమీ రాకపోతే ఇంకోసారి వేసి మళ్ళీ అరగంట. డీజిలో, పురుగుమందో కలిసిన నీళ్ళకు ఏ బిళ్ళా పనిచేయదు. అనంతపురం వైపు బోరునీళ్ళ ఫ్లోరైడు కూడా బిళ్ళతో పోదు, కాగబెడితే ఇంకా చిక్కనవుతుంది. అయితే ఫ్లోరైడు హాని ఏళ్ళ తరబడి తాగితే వచ్చేది. రెండు మూడు రోజుల అవసరానికి ఆ నీళ్ళకు భయపడి దప్పికతో ఉండకండి.

ఓఆర్ఎస్ పొట్లాలు ఆరైనా పెట్టండి. పెద్ద పొట్లం మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. సగం పొట్లం గ్లాసులో అంటూ ఉజ్జాయింపుగా కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లలకు హాని. పొట్లం మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి, డబ్బాల్లో అమ్మే తియ్యటి డ్రింకులు దీనికి బదులు కావు. పొట్లం లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, చెంచా అంచుకు సమంగా. ఎండదెబ్బకు మాట తడబడుతున్న మనిషికి, స్పృహ లేని మనిషికి నోట్లో ఏమీ పోయకండి. నీడలోకి చేర్చి, ఒంటి మీద నీళ్ళు చల్లి విసురుతూ 108కి ఫోను చేయండి.

ఇక మందుల సంచి. కిట్‌లో ఇచ్చే బ్యాండేజీలు గోరు గాయానికే. ఆరంగుళాల క్రేప్ బ్యాండేజీ ఒకటి, గాజుగుడ్డ చుట్టలు రెండు, గాయాలకు పోవిడోన్ ఆయింట్‌మెంటు, జ్వరానికి పారాసిటమాల్, అలర్జీకి సిట్రిజిన్ కలపండి. ఇంట్లో బీపీ, షుగరు ఉన్నవాళ్ళ మాత్రలు వారానికి సరిపడా, చీటీ జిరాక్సుతో సహా. శానిటరీ ప్యాడ్లు మరిచిపోకండి, అవి గాయానికి అదిమి పట్టడానికి కూడా పనికొస్తాయి.

కొన్ని కిట్లలో పాముకాటుకని పీల్చే రబ్బరు గొట్టం పెడతారు. దాన్ని ఈరోజే తీసి పారేయండి. అది విషం లాగదు, గాయాన్ని పెద్దది చేస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా టైము తింటుంది. వరద తగ్గాక పాములు ఇళ్ళలోకి చేరతాయి. కాటు పడితే కోయొద్దు, తాడు బిగించొద్దు. గాజులు, ఉంగరాలు తీసేసి, కాటు పడిన చేతినో కాలినో కదలకుండా కర్రకు వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా ఆస్పత్రికి చేర్చండి. పామును పట్టుకు పోవాల్సిన పని లేదు. మన దేశంలో ఇచ్చే విరుగుడు ఇంజెక్షను నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరి, నాలుగిటికీ కలిపి చేసిందే.

తిండికి వంట అక్కరలేనివి. బొరుగులు, పప్పులు, బెల్లం, వేయించిన శెనక్కాయ విత్తనాలు, గట్టి డబ్బాలో. నెలకోసారి తినేసి కొత్తవి పోయండి, విత్తనాలు ముక్కిపోతాయి.

పవర్ బ్యాంకు 10000 ఎంఏహెచ్‌ది కొంటే ఫోను సుమారు ఒకటిన్నర సార్లే నిండుతుంది. మూడు నెలలకోసారి ఛార్జి చేయండి. దాన్ని గానీ, గ్యాస్ లైటరును గానీ ఎండాకాలం కారులో వదిలేయకండి, అద్దాలు మూసిన కారు లోపల పొంగి పేలే ప్రమాదముంది. సిగ్నల్ లేకపోతే ఫోన్‌పేలు పనిచేయవు. పది, ఇరవై, యాభై, వంద నోట్లు కలిపి ఒక రెండు వేలు, ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్ జిరాక్సులతో జిప్ కవరులో ఉంచండి.

ఇవన్నీ ఆ నల్ల పెట్టెలో పట్టవు. అందులో విజిల్, టార్చి, తాడు, అగ్గిపెట్టె, క్లోరిన్ బిళ్ళలు సర్ది, పెట్టెతో సహా భుజానికి తగిలించుకునే సంచిలో వేయండి. లోపల మందపాటి చెత్త కవరు ఒకటి పరిచి, అందులో అన్నీ పెట్టి, మూతి మెలిపెట్టి కట్టండి. సంచి తడిసినా లోపల తడవదు. ఉగాదికి ఒకసారి, వినాయక చవితికి ఒకసారి విప్పి మందుల తేదీలు, సెల్లులు చూడండి. ఎండలు మొదలయ్యేది, వంకలు పొంగేది ఆ రెండు పండగల తర్వాతే. సంచిని బీరువా అడుగున కాకుండా, తలెత్తు మేకుకు, మెట్ల వైపు గదిలో తగిలించండి. ఫోను ఆరిపోయినా కనపడేలా పై జేబులో ఒక కాగితం మీద పెద్దగా రాసి పెట్టండి: అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, జిల్లా కంట్రోల్ రూముకు 1077, కరెంటు తీగ తెగిపడితే 1912, వాటి కింద పక్క ఊళ్ళో ఉన్న చుట్టాల నంబర్లు రెండు.