కొత్త మాన్‌స్టర్ మాన్యువల్ రివ్యూ: లెవెల్ 17 దాటిన టేబుల్‌కి ఇది పనికొస్తుందా?

నమస్తే ఫ్రెండ్స్. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ పుస్తకం నేను కొనలేదు. ఒక ఆన్‌లైన్ షాపు వాళ్ళు రివ్యూ చేయమని ఉచితంగా పంపారు. డబ్బులివ్వలేదు, స్క్రిప్టు చూపించమని అడగలేదు. షాపు పేరు కూడా చెప్పడం లేదు, కాబట్టి నిశ్చింతగా చూడండి.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే డైస్ వేస్తూ, కథ అల్లుకుంటూ టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే గేమ్. అందులో ఎదురయ్యే రాక్షసుల వివరాలుండే పుస్తకం మాన్‌స్టర్ మాన్యువల్, కొత్తది 2025 ఫిబ్రవరిలో వచ్చింది. ఎన్ని పేజీలు, బొమ్మలెలా ఉన్నాయి, 500కు పైగా మాన్‌స్టర్లలో ఎవరు కొత్త, ఇవన్నీ మీరు ఈపాటికి ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. నేను వాటి జోలికి పోను. నాకు కావాల్సింది ఒక్కటే. గేమ్ నడిపేది నేను, అంటే డీఎమ్‌ని. నా టేబుల్ మీద ఇప్పుడు ఐదుగురు లెవెల్ 18 ప్లేయర్లున్నారు, పాత్రల బలాన్ని చెప్పే లెవెల్స్ 20 దాకా ఉంటాయి. వాళ్ళని భయపెట్టే సత్తా ఈ పుస్తకానికి ఉందా లేదా?

లెవెల్ 5 గేమ్ నడపడం వేరు, లెవెల్ 18 గేమ్ నడపడం వేరు. లెవెల్ 5లో ఒక నది అడ్డమొస్తే అది సమస్య. లెవెల్ 18లో నది ఉందని నేను వర్ణించడం పూర్తయ్యేలోపే వాళ్ళు అవతలి గట్టున ఉంటారు. పోయినసారి కథలో ఒక రాజుని చంపించాను. రాజ్యమంతా శోకంలో ఉంది, వారసుల మధ్య గొడవ మొదలైంది, నేను మూడు వారాలు కూర్చుని రాసుకున్న కుట్ర ఇది. మా క్లెరిక్ (దైవశక్తితో స్పెల్స్ వేసే పాత్ర) ఒక్కటే అడిగింది, "రాజుగారు పోయి ఎన్నాళ్ళయింది?" అని. పోయినవాళ్ళని బతికించే ట్రూ రిజరెక్షన్ స్పెల్‌కి చనిపోయి 200 ఏళ్ళు దాటకపోతే చాలు. 25,000 బంగారు నాణేల విలువ చేసే వజ్రాలు కావాలి, అవి వాళ్ళ సంచిలో ఎప్పటినుంచో మూలుగుతున్నాయి. రాజుగారు లేచి కూర్చున్నారు, నా కుట్ర పడుకుంది.

ఇలాంటి వాటికి ఈ పుస్తకంలో మందు దొరకదు, అది దాని పని కూడా కాదు. కానీ ఫైట్ మొదలయ్యాక మాత్రం డీఎమ్‌కి అండగా ఉండాల్సింది ఇదే.

నాకు బాగా నచ్చిన విషయం దగ్గరికి వస్తాను. ఇనీషియేటివ్, అంటే ఫైట్‌లో ఎవరు ముందు కదలాలో డైస్ వేసి తేల్చే నంబర్. నవ్వకండి, ఇంతకంటే గొప్పవి ఈ పుస్తకంలో ఉన్నాయని మీరంటారు, తెలుసు. కానీ దీని పాత వెర్షన్, 2014 పుస్తకంతో పదేళ్ళు నడిపినవాళ్ళకి నా బాధ అర్థమవుతుంది. పాత ఏన్షెంట్ రెడ్ డ్రాగన్‌ని తీసుకోండి. 546 హిట్ పాయింట్లు (అంటే ప్రాణం), ఏసీ (దెబ్బ తగలకుండా కాపాడే నంబర్) 22, చూస్తేనే గుండె జారుతుంది. కానీ డెక్స్‌టెరిటీ, అంటే చురుకుదనం, 10. అంటే ఇనీషియేటివ్ బోనస్ సున్నా. నేను గొంతు మార్చి, లైట్లు తగ్గించి, "పర్వతం కదిలింది, అది పర్వతం కాదు" అని డైలాగ్ చెప్పి డైస్ వేస్తే 4 వచ్చేది. ఆ తర్వాత ఐదుగురు ప్లేయర్లు వరుసగా కొడతారు. నా డ్రాగన్ నోరు తెరిచేసరికి సగం ప్రాణం పోయి ఉంటుంది. వెయ్యేళ్ళు బతికిన జీవి నిద్ర మత్తులో తన్నులు తిన్నట్టుండేది.

ఇప్పుడు అదే డ్రాగన్ ఇనీషియేటివ్ బోనస్ 14. డైస్ వేయడం ఇష్టం లేకపోతే పక్కనే 24 అని అచ్చు వేసి ఇచ్చారు, అది తీసుకుంటే సరిపోతుంది. టరాస్క్ అనే మహా రాక్షసికి 28. చచ్చినా చావని మాంత్రికుడు లిచ్‌కి 27. చిన్న మార్పే, కానీ హై లెవెల్ ఫైట్ రుచే మారిపోయింది. మొన్న మొదటిసారి వాడాను. ప్లేయర్లు తమ నంబర్లు చెప్పుకుంటున్నారు, 19, 22, 17. నేను నింపాదిగా "24" అన్నాను. మా రోగ్ (చాటుగా, చురుగ్గా కొట్టే పాత్ర) ముఖం చూడాలి మీరు! ఎప్పుడూ తనే ముందు కదులుతాననే ధీమా ఆరోజు పోయింది. ముందు నిప్పు ఊదాను. ఆ తర్వాత ఆట మొదలైంది.

హిట్ పాయింట్లు 546 నుంచి 507కి తగ్గాయని కొందరు గొడవ చేస్తున్నారు. అనవసరం. ముందు కదిలే 507, చివర్లో కదిలే 546 కంటే ఎంతో మేలు. లిచ్ అయితే ఏకంగా 135 నుంచి 315కి ఎక్కింది. పాత లిచ్‌ని మా ఫైటర్ ఒక్కడే రెండు రౌండ్లలో ముగించాడు ఒకసారి. చావుని జయించిన మహా మాంత్రికుడు అని గంటసేపు ఉపోద్ఘాతం ఇచ్చాను, ఫైట్ పది నిమిషాలు కూడా లేదు.

టరాస్క్ గురించి కూడా ఒక మాట. పాత టరాస్క్‌కి రెక్కల్లేవు, దూరం నుంచి కొట్టే దెబ్బా లేదు. మా క్లెరిక్ యాభై అడుగుల ఎత్తులో ఎగురుతూ సేక్రెడ్ ఫ్లేమ్ వేస్తూ కూర్చుంది. ఆ స్పెల్ ఖర్చు సున్నా. ప్రపంచాన్ని మింగే రాక్షసి కింద నిలబడి పైకి చూస్తూ ఉంది, నేను డీఎమ్ స్క్రీన్ వెనక తల పట్టుకుని ఉన్నాను. కొత్తదానికి 150 అడుగుల మేర వెళ్ళే గర్జన ఇచ్చారు. పైన ఎగిరేవాళ్ళకి ఇక టెన్షన్ తప్పదు. ఆలస్యమైనా ఇచ్చారు, సంతోషం.

సరే, పొగడ్తలు అయిపోయాయి. ఇప్పుడు నా కోపం.

లెజెండరీ రెసిస్టెన్స్.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. స్పెల్ లాంటివాటిని తట్టుకోవడానికి వేసే డైస్‌ని సేవ్, లేదా సేవింగ్ త్రో అంటారు. మాన్‌స్టర్ ఒక సేవ్‌లో ఫెయిలైతే, "లేదు, పాసయ్యాను" అనేయొచ్చు. 2014లో డ్రాగన్‌కి రోజుకి మూడుసార్లు ఉండేది. కొత్త పుస్తకంలో తగ్గిస్తారనో, మారుస్తారనో ఆశపడ్డాను. ఏన్షెంట్ డ్రాగన్‌కి నాలుగు చేశారు. తన గుహలో ఉంటే ఐదు!

ఎందుకు అవసరమో నాకు తెలుసు. అది లేకపోతే హై లెవెల్‌లో బాస్ అనేవాడే ఉండడు, ఒక్క స్పెల్‌తో రాయైపోతాడు. ఈ గేమ్ పాత 4వ ఎడిషన్‌లో ఒంటరి మాన్‌స్టర్లకి సేవింగ్ త్రోలకి 5 బోనస్ ఇచ్చేవారు, అక్కడ కనీసం డైస్ దొర్లేది. అంతకుముందు 3.5 ఎడిషన్‌లో లెవెల్ 18 ఫైట్ అంటే ఎవరు ముందు సేవ్ ఫెయిలైతే వాళ్ళు పోవడమే. కాబట్టి ఏదో ఒక రక్షణ ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ ఈ పద్ధతి ప్లేయర్ ఉత్సాహం మీద నీళ్ళు చల్లుతుంది.

మా విజార్డ్ (మాంత్రికుడి పాత్ర) లెవెల్ 17కి వచ్చిన రోజు నాకు గుర్తుంది. పద్నాలుగు నెలలు ఆడాక మొదటి తొమ్మిదో లెవెల్ స్పెల్, స్పెల్స్‌లో అన్నిటికంటే పై మెట్టు. రోజుకి ఒక్కటే. ట్రూ పాలీమార్ఫ్ తీసుకున్నాడు. డ్రాగన్‌ని తాబేలుగా మార్చేద్దామని ప్లాన్. ఆ తాబేలుకి పేరు కూడా పెట్టాడు, గుంపంతా కలిసి అది ఏ పెట్టెలో ఉండాలో చర్చించుకున్నారు. ఫైట్ వచ్చింది. స్పెల్ వేశాడు. నేను అందరి ముందూ డైస్ వేశాను, 2 వచ్చింది. టేబుల్ అంతా లేచి నిలబడింది. అప్పుడు నేను చెప్పాల్సి వచ్చింది, "లెజెండరీ రెసిస్టెన్స్ వాడుతోంది" అని.

ఎవరూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

రూల్ ప్రకారం నేను తప్పు చేయలేదు. కానీ వాడు పద్నాలుగు నెలలు దాచుకున్నది ఒక టిక్ మార్కుగా మిగిలింది. ఆ రోజు నుంచి నా టేబుల్ మీద ఒక సొంత రూల్ నడుస్తోంది. రెసిస్టెన్స్ వాడిన ప్రతిసారీ డ్రాగన్ ఒంటి మీద ఏదో ఒకటి పోవాలి. మాయని తట్టుకోవడానికి ఒళ్ళు బిగిస్తే పొలుసులు ఊడిపడతాయి, ఏసీ 22 నుంచి 21 అవుతుంది. రెండోసారి ఒక రెక్క చిరుగుతుంది, ఎగిరే వేగం తగ్గుతుంది. అప్పుడు విజార్డ్ స్పెల్ వృథా కాదు, ఫైటర్‌కి దారి చేస్తుంది. ఐదు రెసిస్టెన్సులు ఉన్నా నాకు ఇబ్బంది లేదు ఇప్పుడు, ఐదు గాయాలు వర్ణించుకుంటాను. ఇంత చిన్న పని పుస్తకం రాసినవాళ్ళు చేయలేరా? 500 మాన్‌స్టర్లకి బొమ్మలు వేయించారు, దీనికి నాలుగు వాక్యాలు పట్టవా?

ఇంకో చికాకు. లిచ్ లాంటివాళ్ళ స్పెల్స్ పేర్లు మాత్రమే ఉన్నాయి. ఏ స్పెల్ ఏం చేస్తుందో చూడాలంటే ఇంకో పుస్తకం తెరవాలి. ఐదుగురు లెవెల్ 18 ప్లేయర్లతో ఒక రౌండే నలభై నిమిషాలు పడుతోంది నాకు, మధ్యలో పేజీలు తిప్పుతుంటే ఫోన్లు బయటికొస్తాయి. నేను ముందురోజే ఆ స్పెల్స్‌ని కార్డుల మీద రాసుకుంటాను. మీరూ అదే చేయండి.

ఒక లెక్క కూడా చెప్తాను. కొత్త డీఎమ్ గైడ్ ప్రకారం నలుగురు లెవెల్ 20 ప్లేయర్లకి కఠినమైన ఫైట్ బడ్జెట్ 88,000 ఎక్స్‌పీ (మాన్‌స్టర్ బలాన్ని కొలిచే పాయింట్లు). మన ఏన్షెంట్ రెడ్ డ్రాగన్ విలువ 62,000. అంటే ఒంటరి డ్రాగన్ ఆ గీత దాకా కూడా రాదు. పక్కన ఎవరినైనా నిలబెట్టండి. ఒక్క మాన్‌స్టర్‌ని నలుగురి మధ్యకి వదిలితే ఇనీషియేటివ్ 24 ఉన్నా దాని గతి అంతే.

తీసుకోవాలా వద్దా? లెవెల్ 10 లోపు ఆడేవాళ్ళు పాత పుస్తకం ఉంటే దానితోనే నడిపేయండి, తొందరేం లేదు. లెవెల్ 15 దాటిన టేబుల్ ఉంటే మాత్రం తీసుకోండి. ఆ ఇనీషియేటివ్ నంబర్ల కోసమే నేను డబ్బులు పెట్టి కూడా కొనేవాణ్ణి. లెజెండరీ రెసిస్టెన్స్ మీద నా కోపం మాత్రం చల్లారలేదు, పదికి ఏడున్నర ఇస్తున్నాను. ఆ ఐదో రెసిస్టెన్స్ లేకపోతే ఎనిమిది ఇచ్చేవాణ్ణి.

వచ్చే ఆదివారం మా వాళ్ళు మళ్ళీ డ్రాగన్ గుహలోకి వెళ్తున్నారు. విజార్డ్ మళ్ళీ ట్రూ పాలీమార్ఫ్ పెట్టుకున్నాడు. తాబేలు పేరు మార్చలేదట.